ఆపిపెట్టిన నీళ్ళు

నా నోరు మంచిది కాదని ఆఫీసులో అందరికీ తెలుసు. అటెండరు తిమ్మన్న టీ తెచ్చేటప్పుడు కూడా నా ముఖం చూసి, కప్పు బల్ల మీద పెట్టాలో గుమ్మం దగ్గరే పెట్టి పోవాలో తేల్చుకుంటాడు. పోనీ. ఈ ఉద్యోగంలో నోరు మంచిగా ఉంచుకున్నవాళ్ళని చూస్తే నాకు ఆశ్చర్యం.

నేను కుందుర్పి మండలానికి గణాంకాల అధికారిని. పేరు లక్ష్మీప్రసన్న. వాన ఎంత పడింది, ఏ పంట ఎన్ని ఎకరాల్లో వేశారు, చేతికొచ్చింది ఎంత, ఇవి రాసి పైకి పంపడం నా పని. పైన వాటిని కూడి జిల్లా ఆదాయమనీ, రాష్ట్ర ఆదాయమనీ చెబుతారు. ఆ కూడికలో మొదటి నుంచీ నా ఒళ్ళు మండించే సంగతి ఒకటుంది. రైతు బోరు వేయిస్తాడు. రిగ్గు లారీ వస్తుంది, డీజిలు కాలుతుంది, కేసింగు పైపులు దిగుతాయి, చివరికి నీళ్ళకు బదులు తెల్లటి దుమ్ము లేస్తుంది. ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. మా లెక్కలో మాత్రం అది పెట్టుబడి. పక్కనే ఇంకొకటి వేయించి అదీ ఎండితే ఇంకా పెద్ద పెట్టుబడి. ట్యాంకరు తెప్పించుకుంటే ట్యాంకరు వాడి ఆదాయం. తోట ఎండి కట్టెలమ్మితే అదీ ఆదాయమే. భూమిలోంచి పోయిన నీళ్ళకు మాత్రం ఎక్కడా గడి లేదు. ఈ లెక్కన మా మండలం పూర్తిగా నాశనమైన ఏడాది దేశం బాగా పెరిగి ఉండాలి.

మా నాయన బదరీనారాయణకు హిందూపురంలో కిరాణా అంగడి ఉండేది. ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన నమ్మలేదు. నేను సరిగ్గా చదువుకోలేదనుకున్నాడు. "గల్లాపెట్టె చూసుకుని సంబరపడి, అరల్లో సరుకు తరిగిందో లేదో చూడకపోతే వాడు యాపారం చేస్తాండేది యాడమ్మా? ఇల్లు అమ్ముకుని తింటాండాడు," అన్నాడు. పెద్ద చదువులు చదివినవాళ్ళు అంత చిన్న సంగతి వదిలేస్తారా అని ఆ రోజంతా నన్ను అడుగుతూనే ఉన్నాడు.

అందుకే కొత్త లెక్క వచ్చిందని తెలిసినప్పుడు నాకు పండగైంది. పర్యావరణాన్నీ ఆదాయాన్నీ ఒకే పుస్తకంలో కలిపి రాస్తారట. ఏడాది మొదట్లో భూమిలో ఎంత నీరుంది, వానకు ఎంత దిగింది, మనం ఎంత తోడాం, చివరికి ఎంత మిగిలింది. తరిగితే ఆ తరుగు ఆదాయంలోంచి తీసెయ్యాలి. అనంతపురంలో శిక్షణ పెట్టారు. చెప్పడానికి రాజధాని నుంచి వంశీకృష్ణ అనే కుర్ర అధికారి వచ్చాడు. బాగా చెప్పాడు, మాట మెత్తన. నేను లేచి, ఇది మా నాయన అంగడి లెక్కే కదా అన్నాను. హాలంతా నవ్వింది. అతను నవ్వలేదు. అంతేనండీ, ఇన్నాళ్ళూ దేశం ఆ లెక్క వేసుకోలేదు, అన్నాడు. ఆ మాటకు నేను అతనికి అభిమానినైపోయాను.

ఊరికొక బోరును కంప్యూటరు ఎంచుతుంది. ప్రతి ఏడాదీ వేసవిలో ఆ బోరునే కొలవాలి, మార్చడానికి వీల్లేదు. నక్కలదిన్నెలో ఎంచింది సుంకప్ప బోరు.

సుంకప్ప నాకు ముందే తెలుసు. పంటల లెక్కకు పోయినప్పుడల్లా ఆయన చీనీ తోటలోనే, అంటే బత్తాయి తోటలోనే, కూర్చునేదాన్ని, ఆ చుట్టుపక్కల నీడంటే అదే కాబట్టి. ఆయనా భార్య నల్లమ్మా వేరుశనగ మీద విసిగిపోయి ఆ తోట పెట్టారు. చీనీ చెట్టు కాపుకొచ్చేదాకా పసిబిడ్డను సాకినట్టు సాకాలి. అంతదాకా కూలికి పోయి తిన్నారు. ఒకదాని తర్వాత ఒకటి బోర్లు వేయించారు, చివరిదాంట్లో నీళ్ళు పడ్డాయి. నిరుడు వేసవికి చెట్లు మొదటిసారి నిండుగా పిందె పట్టాయి. కానీ బోరు అప్పటికే వెనకబడుతోంది. కాసేపు పోస్తుంది, కాసేపు గాలి కక్కుతుంది, మళ్ళీ నాలుగు బిందెలు పోస్తుంది. గ్యాపిస్తాండాది మేడమ్, అనేవాడు సుంకప్ప, ఇంట్లో జబ్బు మనిషి గురించి చెప్పినట్టు గొంతు తగ్గించి. వేసవి దాటితే చాలు, కాయ చేతికొస్తుంది, చెట్టు బతుకుతుంది. ఆ ఇద్దరికీ ఇంకో ఆలోచన లేదు. వేసవి దాటించాలి, అంతే.

నిరుడు ఏప్రిల్‌లో వంశీకృష్ణ మీటరు పెట్టెతో, ఇద్దరు సహాయకులతో వచ్చాడు. నేనే వెంటబెట్టుకుని నక్కలదిన్నె తీసుకెళ్ళాను. సర్పంచి హనుమంతరాయుడు పంచాయతీ మైకులో ముందే చెప్పించాడట, సార్లు మన ఊరి నీళ్ళు చూసేకి వస్తాండారని, దేశం పుస్తకంలో మన ఊరి పేరు పడుతుందని. వీధులు ఊడ్చి ఉన్నాయి. తోట గట్టు మీద నులకమంచం వేసి, దుప్పటి పరిచి, ఉడికించిన చెనిక్కాయలూ బెల్లమూ పెట్టారు. సుంకప్ప ఉతికిన పంచె కట్టుకుని స్టార్టరు దగ్గర నిలబడ్డాడు.

బటన్ నొక్కాడు. పైపు నిండా నీళ్ళొచ్చాయి. గాలి లేదు, ఆగడం లేదు, తెల్లగా దూకి తొట్టిలో పడుతున్నాయి. మీటరు పెట్టారు, కావలసినంత సేపు నడిపించారు, అంకె రాసుకున్నారు. వంశీకృష్ణ దోసిలి పట్టి తాగి, ఎంత తియ్యగా ఉన్నాయో అన్నాడు. నేనూ సంబరపడ్డాను. ఎక్కడో వాన పడి ఊట తిరిగిందేమో అనుకున్నాను. చీనీ ఆకులు దోనెల్లా ముడుచుకుని వేలాడుతున్నాయి. ఎండకు అలాగే ఉంటాయి కదా అని పట్టించుకోలేదు. పైపు పక్కన సుంకప్పను నిలబెట్టి ఫోటో తీశారు. ఆయన నవ్వితే పళ్ళన్నీ కనిపించాయి. అంత నిండుగా ఆయన నవ్వడం నేను చూసింది అదే.

నివేదిక అచ్చయింది. అట్ట మీద ఆ ఫోటోనే వేశారు. లోపల నక్కలదిన్నె ఎదురుగా, భూగర్భ నీటి నిల్వ సంతృప్తికరం అని ఉంది. మే నెలలో పై ఆఫీసులో ఒక నిర్ణయం తీసుకున్నారు. పండ్ల తోటలకు ప్రభుత్వ ట్యాంకర్లు ఇన్నాళ్ళూ నాయకుల చీటీల మీద పోతున్నాయి, ఈసారి ఈ కొత్త లెక్క ప్రకారమే పోవాలి అని. లెక్క ప్రకారం పోవాలని ఇన్నేళ్ళూ నేను మొత్తుకున్నదే; ఆ ఉత్తర్వు చదివి, పోనీ ఇప్పటికైనా బుద్ధొచ్చింది అనుకున్నాను. దాని వెనక కాగితం ట్యాంకర్లు పోయే ఊళ్ళ జాబితా. అందులో నక్కలదిన్నె లేదు.

ఆ వారంలోనే సుంకప్పా నల్లమ్మా ఆఫీసుకొచ్చారు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మాట్లాడింది నల్లమ్మే. పక్కూరికి ట్యాంకరు పోతోందట, వీళ్ళ ఊరికి రాదంటున్నారట, ఏం తప్పు చేశామో కనుక్కుందామని వచ్చారు. తప్పేమీ లేదమ్మా, మీ బోరు బాగా పోస్తోందని లెక్కలో ఉంది, అన్నాను. పుస్తకం తీసి చూపించాను. నల్లమ్మ అట్ట మీది ఫోటోలో మొగుడి పక్కన పడుతున్న ధార మీద వేలు పెట్టింది.

"అది ఆపిపెట్టిన నీళ్ళు మేడమ్," అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పింది. పెళ్ళిచూపులకు వచ్చినా, బ్యాంకు వాళ్ళు వచ్చినా, పొలం బేరానికి వచ్చినా వాళ్ళ ఊళ్ళో అలాగే చేస్తారట. మనుషులు వస్తున్నారని తెలియగానే మోటారు ఆపేస్తారు. బోరులోకి ఊట మెల్లగా దిగి నిలబడుతుంది. వచ్చినవాళ్ళ ముందు బటన్ నొక్కితే పైపు నిండుగా పడుతుంది. సన్నగా పడితే ఇంటికి నామోషీ. సార్లు ఢిల్లీ లెక్కకు వస్తున్నారని విని వారం పైనే ఆపిపెట్టారు. పిందెలు రాలుతుంటే ఏరి దాచేసి, వచ్చినవాళ్ళకు కనబడకుండా గట్టు కింద మట్టి కప్పారు.

నా నోరు ఊరుకోలేదు. బుద్ధుండక్కర్లేదా, చెట్లను ఎండగట్టి మీటరుకు మర్యాద చేస్తారా, అని ఆఫీసంతా వినబడేలా అరిచాను. సుంకప్ప అప్పుడు తలెత్తాడు.

"నీళ్ళు చూసేకి వస్తాండారంటే నీళ్ళు చూపించల్ల గదా మేడమ్," అన్నాడు. "లేవని చూపించేకి ఎవురన్నా మనుషుల్ని ఇంటికి పిలుస్తారా?"

తిమ్మన్నను పంపి వాళ్ళిద్దరికీ టీ తెప్పించాను. సుంకప్ప తాగలేదు.

ఆ మధ్యాహ్నమే వంశీకృష్ణకు ఫోన్ చేశాను. పూర్తిగా విన్నాడు. మధ్యలో అయ్యో అన్నాడు, నిజంగానే అన్నాడు. తర్వాత, రీడింగ్ నా ఎదురుగానే తీశానండీ, మీటరు సరిగ్గానే ఉంది, ఇప్పుడు ఒకరి మాట మీద ఆ అంకె మారిస్తే రేపు ప్రతి ఊరూ వచ్చి మార్చమంటుంది, అన్నాడు. మోటారు ఆపిపెట్టినట్టు ఏదైనా రుజువుందా అని అడిగాడు. రుజువు ఎక్కడుంటుంది? వ్యవసాయ కరెంటు ఉచితం, ఆ ఊళ్ళో మోటార్లకు మీటర్లు లేవు. వేసిన మోటారు, వేయని మోటారు రెండూ ఒకటే. వచ్చే ఏడాది రెండో విడతలో సరిపోతుందండీ, అన్నాడు. చీనీ చెట్టు వచ్చే ఏడాది దాకా ఆగుతుందా అని అడిగాను. అతను చెడ్డవాడైతే బాగుండేది, తిట్టి మనశ్శాంతిగా ఉండేదాన్ని.

కాగితం మీద కూడా రాశాను. పై ఆఫీసులో ట్యాంకర్ల సెక్షన్ చూసే ఉమాదేవిగారి చుట్టూ తిరిగాను. ఆమె, లెక్క ప్రకారం పోదామని మీరేగా ఇన్నేళ్ళూ గొడవ పెట్టుకున్నారు, ఇప్పుడు లెక్క ప్రకారం పోతే మళ్ళీ గొడవా, అంది. ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అందుకే ఇంకా కడుపు మండింది.

జూన్‌లో వాన రాలేదు. నేను తోటకు పోయేసరికి కొన్ని చెట్లకు ఎర్రగుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి. మొక్కేమో అనుకున్నాను. నల్లమ్మ చీరె అంచు చింపి కట్టిందట. గుడ్డ ఉన్న చెట్టుకు నీళ్ళు, లేని చెట్టుకు లేవు. బోరు పోసే నాలుగు బిందెలు అన్నిటికీ పోస్తే ఏదీ బతకదు కాబట్టి, బతికించేవాటిని ఎంచుకున్నారు. మోపెడ్ మీద ఊరి కుళాయి నుంచి క్యాన్లు కూడా తెస్తున్నారు. కొన్ని రోజులకు మళ్ళీ పోతే గుడ్డలు తగ్గాయి. నల్లమ్మ ఒక చెట్టు దగ్గర ముడి విప్పుతోంది. విప్పిన గుడ్డను పారేయకుండా కొంగుకు చుట్టుకుంది.

"ఏ చెట్టును ఇడిసేదో చెప్పమంటే చెప్పడు, నన్నే చూడమంటాడు," అంది, దూరంగా కూర్చున్న సుంకప్పను చూపించి. "నా చేత్తో నాటింది నేనే. నేనే ఇప్పల్ల."

పిందెలు నల్లబడి కొమ్మలకే ఎండిపోయి ఉన్నాయి. నేను ఏడ్చాను. వాళ్ళు ఏడవలేదు.

వాన ఆగస్టులో వచ్చింది, ఎవరికీ పనికి రాకుండా. అప్పటికి చివరి గుడ్డ కూడా విప్పేశారు. ఇటుకబట్టీ వాళ్ళు వచ్చి చెట్లను కట్టెలకు కొని, నరికి ట్రాక్టరుకెత్తుకున్నారు. మొదళ్ళు పెకలించడానికి జేసీబీ పెట్టే తాహతు లేక మోళ్ళు అలాగే వదిలేశారు. డ్రిప్పు పైపులు పాత సామాన్ల వాడు పట్టుకుపోయాడు. ఇల్లు తాళం వేసి ఇద్దరూ బెంగళూరు పోయారు, అక్కడ ఎవరిదో పెద్ద భవనం కడుతుంటే ఇటుకలు మోయడానికి.

మూడు నెలలకొకసారి పైకి పంపే పట్టికలో నేను నక్కలదిన్నె దగ్గర కట్టెల అమ్మకం అని రాయాలి. ఉత్పత్తి కింద. వంశీకృష్ణకు ఫోన్ చేసి, పోయిన చెట్లను ఎక్కడ తీసెయ్యాలి చెప్పండి అని అడిగాను. ఈ కొత్త లెక్కలో తరుగుకు గడి ఉందన్నారు కదా. తోటల పట్టిక ఇంకా తయారు కాలేదండీ, ఇప్పటికి నీళ్ళూ అడవులూ మాత్రమే, తోటలు తర్వాతి దశలో వస్తాయి, అన్నాడు. కట్టెలు మాత్రం ఇప్పుడే రాయాలట. రాశాను. ఆ రోజు టీ కప్పు గోడకేసి కొట్టాను. తిమ్మన్న పెంకులు ఏరుకుని పోయాడు.

ఈ ఏప్రిల్‌లో రెండో విడత వచ్చింది. ఈసారి నేను ముందుగానే ఊరికి పోయాను. పంచాయతీ మైకు నేనే తీసుకుని, ఎవరూ ఏదీ ఆపిపెట్టొద్దు, మర్యాదలు వద్దు, ఉన్నది ఉన్నట్టు ఉంచండి, అని చెప్పాను. హనుమంతరాయుడు తల వంచుకుని విన్నాడు. ఆయన తోటా పోయింది నిరుడు. సుంకప్పకు ఫోన్ చేసి రమ్మన్నాను. బోరు ఆయనది, ఆయన ఉండాలి. కూలి పోతుంది మేడమ్ అన్నాడు. ఒక్క రోజు రా సుంకప్పన్నా, మీ తోట గతి సార్లు కళ్ళారా చూస్తే అంకె మారుతుంది, ఈ ఏడు మిగిలినవాళ్ళ చెట్లయినా బతుకుతాయి, అని బతిమాలాను. నేను బతిమాలడం ఆయన ఎప్పుడూ వినలేదు. వస్తానన్నాడు.

పొద్దున బస్సుకు ఇద్దరూ దిగారు. సుంకప్ప సగమైపోయాడు. చేతులకు సిమెంటు పగుళ్ళు. వంశీకృష్ణ జీపు దిగి ఆయన్ని గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు, ఆ వెంటనే తోట వైపు చూసి ఆగిపోయాడు. ఎక్కడ చూసినా నల్లటి మోళ్ళే. ఒక్కొక్క మోడు చుట్టూ పాది గట్లు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయి. నాకు లోపల ఒక రకమైన కసి. చూడు, కళ్ళు పెట్టి చూడు, ఇప్పుడేమంటావో చూస్తాను, అనుకున్నాను.

అందరం స్టార్టరు దగ్గరికి పోయాం. బూజు తుడిచి సుంకప్ప బటన్ నొక్కాడు. మోటారు మూలిగింది, పైపులోంచి తుప్పు నీళ్ళు కక్కింది, తర్వాత పైపు నిండుగా పోసింది.

చెట్లు లేవు కాబట్టి నీళ్ళు తోడేవాళ్ళు లేరు. ఆగస్టు నుంచీ ఆ మోటారు ఎవరూ ముట్టలేదు. వారం కాదు, ఇన్ని నెలలుగా బోరు ఆగి ఉంది, ఆగస్టు వాన కూడా దాంట్లోకే దిగింది. ఎవరూ మర్యాద కోసం ఆపిపెట్టలేదు. అదే ఆగింది. మీటరు పెట్టారు. ఎంతసేపు నడిపినా ధార సన్నబడలేదు. సహాయకుడు అంకె చదివాడు. నిరుటికన్నా ఎక్కువ.

వంశీకృష్ణ ఆ అంకె రాయకుండా పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. పక్కన చెట్ల సంగతి రాయండి అన్నాను. రాయడానికి చోటు లేదండీ, అన్నాడు, చాలా నెమ్మదిగా. నేను తిట్టడానికి నోరు తెరిచాను, ఒక్క మాట రాలేదు. అతను రాసుకున్నాడు.

సుంకప్ప ఇదేదీ వినడం లేదు. పైపు ముందు గొంతుక్కూచుని ధార కింద చెయ్యి పెట్టాడు. నిరుడు ఫోటో తీసింది సరిగ్గా అక్కడే.

"ఇప్పుడొచ్చినావా?" అన్నాడు నీళ్ళతో. "ఎవురి కోసం వచ్చినావు తల్లీ?"

తొట్టి నిండి నీళ్ళు పాత కాలువలో పడ్డాయి. సుంకప్ప లేచి, మోటారు గదిలో మూలనున్న పార తీసుకుని నీళ్ళ ముందు నడిచాడు. మొదటి పాదికి గండి కొట్టి, నీళ్ళు మోడు చుట్టూ తిరిగి నిండేదాకా ఆగి, గండి పూడ్చి, రెండో పాదికి పోయాడు. అది నిండాక మూడోది. వాలు ఎటుందో, ఏ పాది ఎక్కువ తాగుతుందో చేతులకు గుర్తుంది. వంశీకృష్ణ తల తిప్పుకుని జీపు వైపు పోయాడు. ఎవరైనా సుంకప్పను ఆపండి అనాలనిపించింది.

ఆపింది నల్లమ్మే. స్టార్టరు దగ్గరికి పోయి ఎర్ర బటన్ నొక్కింది. కాలువలో ఉన్న నీళ్ళు కాసేపు పారి, పలచబడి, మట్టిలోకి ఇంకిపోయాయి. సుంకప్ప తర్వాతి పాదికి గండి కొట్టి, ఆ మోడు దగ్గర పార పట్టుకుని నిలబడి, నీళ్ళు ఇంకా రాలేదేమని వెనక్కి తిరిగి చూశాడు.